ఎస్‌యూవీ వెనుక అద్దం వాషర్ నీరు ఎక్కడ కారుతోందో కనుక్కుని సరిచేయడం ఎలా?

వెనుక అద్దం మీద దుమ్ము పేరుకుందని వైపర్ లివర్ తిప్పితే వైపర్ ఆడుతుంది, బానెట్ కింద పంపు మోటారు చప్పుడు కూడా వినిపిస్తుంది, కాని అద్దం మీదికి నీరు రాదు; వచ్చినా ఒకటి రెండు చుక్కలు జారి ఆగిపోతాయి. నాజిల్‌లో మట్టి అడ్డుపడి ఉంటుందనుకుని చాలామంది ఊరుకుంటారు. ఆ నీరంతా బండి లోపలే ఎక్కడో పడుతోందన్న సంగతి, డిక్కీ మూలన రూఫ్ లైనింగు మీద గోధుమరంగు మరక కనిపించినప్పుడో, స్టెప్నీ గుంటలో నీరు నిలిచి బండంతా ముక్కిన వాసన వచ్చినప్పుడో తెలుస్తుంది. అప్పటికి రివర్స్ కెమెరాలో మసక చేరడం, డిక్కీ లాక్ ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయించడం వంటి బాధలు కూడా మొదలై ఉండవచ్చు.

ఈ లీకును సరిచేయడానికి కావలసిన సామాను చాలా చవకైనది. కష్టమంతా చిల్లి ఎక్కడుందో కనుక్కోవడంలోనే ఉంది, ఎందుకంటే నీళ్ల ట్యాంకు బండి ముందు బంపర్ దగ్గర ఉంటుంది, నాజిల్ వెనుక అద్దం పైన ఉంటుంది, ఈ రెంటి మధ్య నాలుగు మీటర్లకు పైగా సన్నని గొట్టం కార్పెట్ కిందా లైనింగు వెనుకా కంటికి కనిపించకుండా నడుస్తుంది. చిల్లి జాడ తెలియకముందే లైనింగు విప్పడం మొదలుపెడితే క్లిప్పులు విరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అందుచేత ముందు గమనించి, తరువాత పరీక్షించి, ఆఖరున మాత్రమే విప్పే క్రమాన్ని పాటించండి.

నీరు నడిచే దారి

ట్యాంకు సాధారణంగా ముందు చక్రానికి, బంపర్‌కు మధ్య, ఫెండర్ లోపల దాగి ఉంటుంది; బానెట్ ఎత్తితే మనకు కనిపించేది దాని మెడ, మూత మాత్రమే. ట్యాంకు అడుగున వలయంలా ఉండే రబ్బరు గ్రోమెట్‌లో పంపు గుచ్చి ఉంటుంది. ముందు అద్దానికీ వెనుక అద్దానికీ విడివిడిగా రెండు పంపులున్న బండ్లు కొన్ని. ఒకే పంపుకు రెండు మూతులుండి, మోటారు ఒక దిక్కుకు తిరిగితే ముందుకు, ఎదురు దిక్కుకు తిరిగితే వెనుకకు నీరు పంపే బండ్లు కొన్ని. అక్కడి నుంచి గొట్టం ఇంజన్ గది గోడను దాటి లోపలికి వచ్చి, మోడల్‌ను బట్టి, డోర్ల గడపల వెంబడి కార్పెట్ అంచు కిందుగా గాని, ముందు స్తంభం (ముందు అద్దం పక్కనుండే పిల్లర్) వెంట పైకెక్కి రూఫ్ లైనింగు అంచు మీదుగా గాని వెనుకకు చేరుతుంది. చివరికి డిక్కీ హింజ్ దగ్గర ముడతలు ముడతలుగా ఉండే నల్లని రబ్బరు బూటులో దూరి, డిక్కీ డోర్ లోపలికి వెళ్లి, నాజిల్‌కు తగులుకుంటుంది.

క్రెటా, సెల్టోస్, బ్రెజా, నెక్సాన్ వంటి వాటిలో డిక్కీ డోర్ పైకి లేస్తుంది కాబట్టి ఆ రబ్బరు బూటు పైన, రూఫ్ అంచున ఉంటుంది. స్కార్పియో-ఎన్, జిమ్నీ, ఇప్పుడు కొత్తగా రాకున్నా రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న ఈకోస్పోర్ట్ వంటి వాటిలో వెనుక డోర్ పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి బూటును పక్కన, హింజ్‌ల వైపు వెతకాలి. నాజిల్ కొన్నిటిలో స్పాయిలర్ కింద, కొన్నిటిలో పై బ్రేక్ లైటు పక్కన, మరికొన్నిటిలో ఏకంగా వైపర్ మోటారు ఇరుసు మధ్యలోనే ఉంటుంది. మీ బండిలో ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి. గొట్టం మధ్యలో అక్కడక్కడా ప్లాస్టిక్ జాయింట్లు, నీరు వెనక్కి జారిపోకుండా ఒకవైపే వదిలే చిన్న వాల్వు కూడా ఉంటాయి. గొట్టం ఊడేది చాలావరకు ఈ జాయింట్ల దగ్గరే, పగిలేది చాలావరకు ఆ రబ్బరు బూటు లోపలే.

నీరు ఎప్పుడు కారుతోంది?

నీరు ఎప్పుడు కారుతోందో తేలితే ఎక్కడ కారుతోందో సగం తేలినట్టే. ట్యాంకును మెడ దాకా నింపి, నీటి మట్టం దగ్గర మార్కర్‌తో ఒక గీత గీయండి. వాషర్‌ను ఒక్కసారి కూడా వాడకుండా, చదునైన చోట రాత్రంతా బండిని నిలిపి, ఉదయం మట్టం చూడండి. తగ్గి, ముందు చక్రం పక్కన నేల మీద తడి కనిపిస్తే లోపం ట్యాంకులోనో, పంపు గ్రోమెట్‌లోనో, పంపు మూతి దగ్గరో ఉందని అర్థం. తగ్గినా అక్కడ నేల పొడిగా ఉంటే లోపం గడప కింది గొట్టంలో ఉండవచ్చు. తగ్గకపోతే ఆ భాగమంతా బాగున్నట్టే కనుక దాన్ని ముట్టుకోనక్కరలేదు.

తరువాత ఇంట్లోవారిని ఒకరిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, మీరు వెనుక నిలబడి, ఇగ్నిషన్ వేసి వెనుక వాషర్‌ను నాలుగైదు సెకన్లు నొక్కమనండి. నొక్కినంతసేపే కారి, వదలగానే ఆగిపోతే చిల్లి ఎత్తులో, అంటే రూఫ్ అంచున గాని డిక్కీ డోర్‌లో గాని ఉంది. వదిలిన తరువాత కూడా చాలాసేపు సన్నగా కారుతూనే ఉంటే చిల్లి ట్యాంకు మట్టం కంటే దిగువన, గడప కింది గొట్టంలో ఉంది. వాషర్ పంపు సెంట్రిఫ్యూగల్ రకానికి చెందినది, అది ఆగి ఉన్నప్పుడు కూడా తన గుండా నీటిని పోనిస్తుంది. గొట్టం ఒకసారి నిండిన తరువాత ట్యాంకులోని నీరు సైఫన్ పద్ధతిలో తనంతట తానే దిగువకు పారుతుంది. ఒకసారి వాషర్ నొక్కిన పాపానికి తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ అయిందని కొందరు చెప్పేది ఈ కారణం చేతనే.

ఈ పరీక్షలో మరికొన్ని సంగతులు కూడా తెలుస్తాయి. ముందు అద్దానికి నీరు బాగా కొడుతూ, వెనుకకు నొక్కినప్పుడు పంపు చప్పుడు వినిపిస్తూ, వెనుక మాత్రం నీరు రాకపోతే లోపం గొట్టంలోనో నాజిల్‌లోనో ఉంది. వెనుకకు నొక్కినప్పుడు పంపు చప్పుడే లేకపోతే అది లీకు సమస్య కాదు, ఫ్యూజు, రిలే, స్విచ్ వైపు చూడాలి. ముందుకు నొక్కితే వెనుక కూడా నీరు ఊరుతుంటే, రెండు మూతుల పంపు లోపలి చిన్న రబ్బరు వాల్వు చెడిందని అనుమానించాలి. అలాంటప్పుడు పంపు మార్చడం తప్ప మరో మార్గం లేదు. ఏ పరీక్షలోనైనా పంపును పది సెకన్లకు మించి ఏకబిగిన నడపవద్దు, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు అసలే నడపవద్దు. దానిని చల్లబరిచేది, దాని లోపలి భాగాలు అరగకుండా చూసేది ఆ నీరే.

అది వాషర్ నీరేనా?

ముందు సీటు కింది కార్పెట్ తడిసినంత మాత్రాన వాషర్ గొట్టాన్ని నిందించడం సరికాదు. ఏసీ నడిచిన రోజుల్లోనే ముందు సీటు పాదాల దగ్గర రంగూ వాసనా లేని నీరు చేరుతుంటే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది. వాన పడిన తరువాతో, బండి కడిగించిన తరువాతో మాత్రమే డిక్కీ తడుస్తుంటే టెయిల్ ల్యాంపు గ్యాస్కెట్, డిక్కీ చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, సన్‌రూఫ్ ఉన్న బండిలో దాని మూలల నుంచి స్తంభాల గుండా దిగే డ్రెయిన్ గొట్టాలు చూడాలి. తాకితే జిగటగా ఉండి, తియ్యటి వాసన వేస్తే అది రేడియేటర్ కూలెంట్. దానిని తేలికగా తీసుకోవద్దు. వాన జాడ లేని ఏప్రిల్ నెలలో, వాషర్ వాడిన రోజే డిక్కీ తడుస్తుంటే మాత్రం ఇక సందేహించనక్కరలేదు.

అనుమానం తీరకపోతే ట్యాంకులో రెండు మూడు చుక్కల ఆకుపచ్చ తినే రంగు కలిపి, అనుమానం ఉన్న చోట్ల తెల్లని టిష్యూ కాగితాలు అంటించి, వాషర్ నొక్కి చూడండి. రంగు తేలిన కాగితం దగ్గరే లీకు ఉంది. లోపలి లైనింగు లేత రంగులో ఉన్న బండిలో ఈ పద్ధతి వద్దు. మరక వదిలించడం లీకు ఆపడం కంటే కష్టం. అలాంటి బండికి వట్టి టిష్యూ కాగితమే చాలు, తడిసిన చోట అది వెంటనే ముదురుగా కనిపిస్తుంది.

నాజిల్‌తో మొదలుపెట్టండి

గొట్టం ఊడిపోయిందని తెలిసినా సరే, ముందు నాజిల్ చూడాలి. ఎందుకంటే చాలా బండ్లలో అసలు రోగం నాజిల్ మూసుకుపోవడమే. నీటికి దారి లేక ఒత్తిడి పెరిగి, గొట్టం బలహీనంగా ఉన్న జాయింట్ దగ్గర ఊడుతుంది. ఊడిన జాయింటును బిగించి నాజిల్‌ను అలాగే వదిలేస్తే అదే చోట గాని, మరో చోట గాని మళ్లీ ఊడుతుంది. మెకానిక్ దగ్గర బాగుచేయించిన నెలకే మళ్లీ లీకు వచ్చిందనే ఫిర్యాదులు చాలావరకు ఇలా పుట్టినవే.

మన దగ్గర నాజిల్ మూసుకుపోవడానికి పెద్ద కారణం బోరు నీళ్లు. హైదరాబాదు శివార్లలో గాని, నల్లగొండ, అనంతపురం వైపు గాని బోరు నీరు చాలాచోట్ల కఠినంగా ఉంటుంది; నాజిల్ రంధ్రం మిల్లీమీటరు కంటే సన్నన, ఎండకు కాలే అద్దం పక్కన నీరు ఆవిరైన ప్రతిసారీ అందులో తెల్లని సున్నపు పొర మిగులుతుంది. సన్నని గుండుసూదితో రంధ్రాన్ని నెమ్మదిగా కదపండి, గుచ్చి పెకలించవద్దు. నాజిల్ ఊడదీయగలిగినదైతే తీసి, వంటింటి వెనిగర్‌లో అరగంట నానబెడితే సున్నం బుడగలు లేస్తూ కరుగుతుంది. తరువాత మంచినీటితో కడిగి, బయటివైపు నుంచి లోపలికి గాలి ఊదండి. వెనిగర్ పెయింటు మీద పడితే వెంటనే తుడిచేయాలి.

నాజిల్ తీసినప్పుడే మరో పని చేయండి. దాని నుంచి విడిన గొట్టం చివరను ఒక సీసాలో పెట్టి వాషర్ నొక్కించండి. సీసాలోకి ధారగా నీరు వస్తే గొట్టం అంతా బాగున్నట్టే, లోపం నాజిల్‌దే, ఇక్కడితో పని ముగిసినట్టే. నీరు రాకపోయినా, నీరసంగా వచ్చినా ముందుకు సాగాలి. మధ్యలో వాల్వు ఉంటే దాని మీద బాణం గుర్తు నాజిల్ వైపు ఉందో లేదో, నోటితో ఊదితే ఆ దిక్కుకు గాలి పోతోందో లేదో కూడా ఇప్పుడే చూడండి.

వైపర్ ఇరుసు మధ్య నుంచి నీరు కొట్టే బండిలో పరిస్థితి వేరు. అక్కడ నీరు మోటారు గుండా వెళుతుంది. లోపలి రబ్బరు సీలు అరిగితే నీరు మోటారులోనే చేరి తుప్పు పట్టిస్తుంది. డిక్కీ లోపలి కవర్ తీసి చూస్తే మోటారు కింద తడి, తెల్లటి లేదా ఎర్రటి చారలు కనిపిస్తాయి. ఆ స్థితిలో సీలుకు జిగురు పూసి నెట్టుకురావడం దండగ, మోటారు మార్చడమే మేలు.

హింజ్ దగ్గరి రబ్బరు బూటు

ఎస్‌యూవీలలో వెనుక వాషర్ లీకుకు ప్రధాన స్థానం ఇదే కనుక ఇక్కడ తొందరపడవద్దు. డిక్కీ తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ గొట్టం ఈ బూటు లోపల వంగుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో వేసవిలో ఎండలో నిలబెట్టిన బండి రూఫ్ అంచు చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఆ వేడికి మెత్తని పీవీసీ గొట్టం తనలోని మెత్తదనాన్ని కొన్నేళ్లలో పోగొట్టుకుని ఎండుపుల్లలా గట్టిపడుతుంది. గట్టిపడినదాన్ని రోజూ వంచితే వంపు దగ్గర వెంట్రుకవాసి పగులు వస్తుంది. డిక్కీ మూసి ఉన్నప్పుడు ఆ పగులు ఒక రకంగా, తెరిచి ఉన్నప్పుడు మరో రకంగా నోరు తెరుస్తుంది, అందుచేత పరీక్ష రెండు స్థితులలోనూ చేయాలి. డిక్కీ తెరిచి చూసినప్పుడు ఏమీ కారలేదని సంతోషించి వెళ్లిపోయేవారు చాలామంది.

కావలసిన సామాను ఇది: ట్రిమ్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీలు, నక్షత్రం స్క్రూడ్రైవర్, పది నంబరు సాకెట్, టార్చి, చిన్న కత్తెర, సన్నని జిప్ టైలు, సబ్బు నీళ్లు, కొత్త గొట్టం, రెండు జాయినర్లు. వెనుక వాషర్ గొట్టం లోపలి వ్యాసం చాలా బండ్లలో 4 మి.మీ. దగ్గర ఉంటుంది, అయినా పాత ముక్క ఒకటి కోసి చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లడమే తెలివైన పని. స్పేర్ పార్టుల దుకాణంలో వాషర్ పైపు మీటర్ల లెక్కన అమ్ముతారు. అది దొరకకపోతే అక్వేరియం దుకాణంలో గాలి పంపుకు వాడే సిలికోన్ గొట్టం అదే కొలతలో దొరుకుతుంది, వేడికి గట్టిపడదు, బూటులో వంగడానికి పీవీసీ కంటే బాగా నప్పుతుంది. జాయినర్లకు డ్రిప్ (బిందు సేద్యం) సామాను అమ్మేవారి దగ్గర మైక్రో ట్యూబు జాయినర్లు అడగండి. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల వారికి ఇవి ఊరూరా దొరుకుతాయి. డ్రిప్ ట్యూబును మాత్రం బూటులో వాడవద్దు, అది వంపులకు పనికిరానంత బిరుసు.

ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, డిక్కీ డోర్‌ను పూర్తిగా ఎత్తండి. లోపలి ప్లాస్టిక్ కవర్‌కు చేతిపిడి గుంటలో ఒకటి రెండు స్క్రూలు మూతల కింద దాగి ఉంటాయి. ముందు వాటిని తీసి, తరువాత కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులను ఒక్కొక్కటిగా వదులు చేయండి. చలికాలం ఉదయాన ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కనుక బండి కాస్త ఎండలో నిలిచిన తరువాత ఈ పని మొదలుపెట్టడం మంచిది. కవర్ వచ్చాక బూటు రెండు చివరలూ కనిపిస్తాయి. చివరన ఉండే ప్లాస్టిక్ కాలర్‌ను రెండు వైపులా నొక్కి లాగితే అది రేకు రంధ్రం నుంచి బయటికి వస్తుంది. రెండు మూడు అంగుళాలు మాత్రమే లాగండి. అందులో వైపర్, కెమెరా, డీఫాగర్ (అద్దం మీది మసక పోగొట్టే తీగలు), లాక్, నంబర్ ప్లేటు లైటు వైర్లు కూడా ఉంటాయి.

ఇప్పుడు బూటును వేళ్లతో వెనక్కి మడిచి, టార్చి వెలుగులో గొట్టాన్ని కొద్దికొద్దిగా వంచుతూ చూడండి. పగులు ఉన్న చోట గొట్టం మెరుపు కోల్పోయి తెల్లబారి ఉంటుంది, వంచితే సన్నని గీత నోరు విప్పుతుంది, అక్కడ గోరు తగిలిస్తే పట్టుకుంటుంది. ఎలుక కొరికిన గొట్టమైతే అంచులు పళ్ల గాట్లతో చిరిగి ఉంటాయి; ఎలుక చేసిన పని కనిపిస్తే ఆ పక్క వైర్లన్నిటినీ కూడా చూసి తీరాలి.

పగిలిన చోట టేపు చుట్టడం, ఎం-సీల్ అద్దడం, ఫెవిక్విక్ వేయడం అనే మూడు పనులూ చేయవద్దు. టేపు ఒత్తిడికి నిలవదు, ఎం-సీల్ వంపు దగ్గర విరిగి రాలుతుంది, ఫెవిక్విక్ గొట్టాన్ని ఇంకా పెళుసుగా మారుస్తుంది. పగిలిన చోట కోసి మధ్యలో జాయినర్ పెట్టడం కూడా సరైన మరమ్మతు కాదు, ఎందుకంటే వంపు మీద పడ్డ జాయింట్ మళ్లీ ఊడుతుంది, దాని పక్కన మిగిలిన గొట్టం అదే వయసుది కాబట్టి రేపు అదీ పగులుతుంది. బూటుకు అటూ ఇటూ, వంగని చోట, గొట్టాన్ని కోసి మధ్య భాగమంతా మార్చండి.

కొత్త గొట్టం చివరను పాత గొట్టం చివరకు గట్టి దారంతో గాని సన్నని తీగతో గాని కట్టి, బూటులో సబ్బు నీళ్లు చిలకరించి, పాతదాన్ని అవతలి నుంచి లాగుతూ కొత్తదాన్ని ఇవతలి నుంచి తోయండి. నూనె, గ్రీజు, పెట్రోలు వాడవద్దు, అవి రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. కొలత తీసుకునేటప్పుడు డిక్కీ పూర్తిగా తెరిచి ఉండాలి, ఆ కొలతకు మరో రెండంగుళాలు కలపాలి. బిగుతుగా వేసిన గొట్టం డిక్కీ ఎత్తిన మొదటిరోజే జాయింట్ నుంచి జారవచ్చు. జాయినర్ మీదికి గొట్టం ఎక్కకపోతే దాని చివరను ఒక నిమిషం వేడినీటిలో ముంచండి, మంట మాత్రం చూపించవద్దు. జాయినర్ ముళ్లన్నీ దాటి లోపలికి వెళ్లిన తరువాత జిప్ టై వేయండి. దాన్ని బలంగా బిగిస్తే ప్లాస్టిక్ జాయినర్ నలిగి దారి సన్నబడుతుంది, కాబట్టి గొట్టం తిరగకుండా ఉంటే చాలు.

బూటు మూసే ముందు వైర్లను ఒకసారి చూడండి. పైపూత పగిలి రాగి కనిపిస్తున్నా, రాగి మీద ఆకుపచ్చ పొర ఉన్నా ఇంటి పనితో సరిపెట్టవద్దు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత వంపుకు బయట సోల్డరింగ్ చేయించి, ఒక్కో జాయింటును ఒక్కో చోట పడేలా పెట్టించి, హీట్ ష్రింకు (వేడికి ముడుచుకుని బిగిసే తొడుగు) వేయించండి. బూటుకే చీలిక ఉంటే అది కూడా మార్చాలి, లేకపోతే ఈసారి వాన నీరు అదే దారిన దిగుతుంది. కాలర్ పూర్తిగా కూర్చున్నదో లేదో చుట్టూ వేలితో తడిమి చూసుకోండి.

ట్యాంకు, పంపు దగ్గర చిల్లి ఉంటే

రాత్రి పరీక్షలో మట్టం తగ్గి, నేల తడిసిన బండికే ఈ పని. స్టీరింగును పూర్తిగా తిప్పితే చక్రం వెనుక ఫెండర్ లోపలి ప్లాస్టిక్ తొడుగు అందుతుంది. దాని క్లిప్పులు కొన్ని తీసి మడిస్తే పంపు కనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో బంపర్ విప్పితే గాని అందదు, అలాంటివి గ్యారేజీకి వదిలేయడమే మంచిది. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరవద్దు.

ట్యాంకులో నీరు వంపేసి, వైరు ప్లగ్గు తీసి, పంపును కొద్దిగా తిప్పుతూ గ్రోమెట్ నుంచి ఊడదీయండి. గ్రోమెట్ గట్టిపడి, పగిలి ఉంటే కొత్తది వేయండి, అది కూర్చునే గుంటను శుభ్రంగా తుడిచి, నీటితో తడిపి నొక్కండి. లోపల చిన్న జల్లెడ ఉంటే అందులో నాచు, జిగురు చేరి ఉంటాయి. గోరువెచ్చని నీటితో కడగండి. ట్యాంకే పగిలితే మార్చాల్సిందే: అది పాలిథిన్ జాతి ప్లాస్టిక్, దాని మీద ఏ జిగురూ నిలవదు.

మధ్య దారిలో చిల్లి ఉంటే

డ్రైవర్ వైపో, పక్క సీటు వైపో కార్పెట్ అంచు తడిగా ఉంటే గడప మీది ప్లాస్టిక్ పట్టీని పైకి లాగి చూడండి, అది క్లిప్పుల మీదే ఉంటుంది. చిల్లి కనిపిస్తే అక్కడ జాయినర్ వేయవచ్చు, ఎందుకంటే ఈ గొట్టం వంగదు, ఎండ సోకదు. పట్టీ తిరిగి నొక్కేటప్పుడు గొట్టం దాని కాళ్ల కింద నలగకుండా చూడాలి. బండికి అంతకు ముందు సీటు కవర్ల వాళ్లో, మ్యాట్లు వేసిన వాళ్లో, స్పీకర్లు బిగించిన వాళ్లో పట్టీ తీసి పెట్టి ఉంటే, వారు నలిపిన గొట్టమే ఇప్పుడు కారుతున్నదేమో కూడా చూడండి. రూఫ్ మీదుగా గొట్టం నడిచే బండిలో స్తంభాల కవర్లు ఊడదీయడం వేరే సంగతి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఆ కవర్ల వెనుకే ఉంటుంది. బ్యాటరీ నెగిటివ్ టెర్మినల్ తీసి కనీసం మూడు నిమిషాలు ఆగకుండా వాటిని ముట్టుకోవద్దు, కొత్త గొట్టాన్ని ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి నడపవద్దు, స్తంభం కవర్‌ను పట్టి ఉంచే తాడు క్లిప్పు చాలా మోడళ్లలో ఒకసారి తీస్తే మళ్లీ కొత్తదే వేయాలి. నా అభిప్రాయం అడిగితే, చిల్లి రూఫ్ లైనింగు మధ్యలో ఉందని తేలిన బండిని వర్క్‌షాపుకు అప్పగించడమే క్షేమం. వారంటీలో ఉన్న బండిని ఎలాగూ ముందే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాలి. అక్కడ మొత్తం వైరింగు మార్చాలని చెబితే, పగిలిన గొట్టాన్ని చూపించమని మర్యాదగానే అడగండి.

టయోటా హైరైడర్ వంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు పెద్ద బ్యాటరీ, విద్యుత్ మోటారు కూడా ఉన్న) బండ్లలో హై వోల్టేజి బ్యాటరీ డిక్కీ నేల కిందే ఉంటుంది. అక్కడ నీరు చేరినట్టు కనిపిస్తే నారింజ రంగు కేబుళ్ల దగ్గరికి చేయి పోనివ్వకుండా కంపెనీ వారికే చూపించాలి.

తడి ఆర్చడం, తిరిగి పరీక్షించడం

లీకు ఆగినంత మాత్రాన లోపల చేరిన నీరు పోదు. స్టెప్నీ తీసి, గుంట అడుగున రబ్బరు బిరడా ఉంటే లాగి నీరు వదలండి, పని ముగిశాక దాన్ని తిరిగి బిగించడం మరచిపోవద్దు. కార్పెట్‌ను పైకెత్తి, కింది స్పాంజి పొరను నొక్కి చూడండి. పైన ఆరినట్టున్నా నీరంతా ఆ పొరలోనే దాగి ఉంటుంది. పొడి తువ్వాళ్లతో పిండి, డోర్లు తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. వానాకాలంలో ఈ పని కొన్ని రోజులు పట్టినా ఓపిక పట్టాలి, తడి మీద కార్పెట్ కప్పేస్తే బూజు పడుతుంది. తడిసిన ప్లగ్గులకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాకే తిరిగి తగిలించండి.

డిక్కీ లోపలి కవర్ బిగించే ముందే తుది పరీక్ష చేయండి. జాయింట్లన్నిటి చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, డిక్కీ తెరిచి ఉంచి ఐదు సెకన్లు, మూసి ఐదు సెకన్లు వాషర్ నొక్కించండి. డిక్కీని పది పదిహేనుసార్లు ఎత్తి దించి మళ్లీ నొక్కించండి. కాగితాలు పొడిగా ఉంటేనే కవర్ వేయండి. వైపర్, కెమెరా, డీఫాగర్, లాక్, నంబర్ ప్లేటు లైటు పనిచేస్తున్నాయో లేదో కూడా అప్పుడే చూడండి. రెండు మూడు రోజుల తరువాత ట్యాంకు మీద గీసిన గీతను, స్టెప్నీ గుంటను మరొకసారి చూసుకోవాలి.

ట్యాంకులో ఏ నీరు పోయాలన్న ప్రశ్న మిగిలింది. ఆర్‌ఓ యంత్రం నుంచి వచ్చే తాగునీరు మంచిది, డిస్టిల్డ్ వాటర్ ఇంకా మంచిది. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని బకెట్లో పట్టి కారు కడగడం మన ఇళ్లలో అలవాటే, కాని లవణాలన్నీ చిక్కబడిన ఆ నీటిని వాషర్ ట్యాంకులో మాత్రం పోయవద్దు, బోరు నీటి కంటే అదే త్వరగా నాజిల్‌ను మూస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, తలకు రాసే షాంపూ కూడా వద్దు. అద్దాలకోసం అమ్మే వాషర్ ద్రవాన్ని సీసా మీద చెప్పిన పాళ్లలో కలపండి. చికాగో, మినియాపొలిస్, టొరంటో వంటి చోట్ల ఉన్న తెలుగువారు చలికాలం మొదలవక ముందే మామూలు నీటిని పూర్తిగా వాడేసి, సున్నా ఫారెన్‌హైట్ కంటే దిగువకు, అక్కడి చలికి తగినట్టు కనీసం −20 ఫారెన్‌హైట్ వరకు గడ్డకట్టని ద్రవాన్ని నింపుకోవాలి. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు 9 శాతం ఉబ్బి పంపును, జాయింట్లను, ఒక్కోసారి ట్యాంకును కూడా పగలగొడుతుంది. ఆ ద్రవాలలో ఎక్కువవాటిలో ఉండే మిథనాల్ విషం, అంటుకునే గుణం గలది, కాబట్టి అది బండి లోపల కారిందని తెలిస్తే ముందు అద్దాలన్నీ దించి, తడిసిన కార్పెట్‌ను బయటికి తీసి, ఆ తరువాతే గొట్టం పని చూడండి.